'అప్‌గ్రేడ్ కంప్లీట్' తర్వాత మాయమైన లాట్లు: గుంటూరు కోల్డ్ స్టోరేజీ సర్వర్ కేసు

గుంటూరు దగ్గర నాలుగు మిర్చి కోల్డ్ స్టోరేజీలు నడిపే ఒక సంస్థ 2025 వేసవిలో తన డేటాబేస్ సర్వర్‌ను పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ 12వ వెర్షన్ నుంచి 16కు మార్చుకుంది. మార్చిన రాత్రి వచ్చిన ఎర్రర్లను సాఫ్ట్‌వేర్ చూసే కుర్రాళ్లే ఒక్కొక్కటిగా దాటుకొచ్చారు. తెల్లవారుజామున స్క్రీన్ మీద 'అప్‌గ్రేడ్ కంప్లీట్' అని వచ్చాక ఇళ్లకు వెళ్లి పడుకున్నారు. ఈ కేసు ఆ ఎర్రర్ల గురించి కాదు. అంతా సవ్యంగా అయిపోయిందని చెప్పాక, స్టాకు రిపోర్టులో కళ్లెదుట కనిపిస్తున్న లాటు గేట్ పాస్ స్క్రీన్‌లో దొరక్కుండా పోయింది. అదీ కేసు. సంస్థ పేరు, ప్రోగ్రామ్ రాసిన విజయవాడ కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. లాటు నంబర్లు మార్చాను గానీ వాటి తీరు అదే.

మార్చాల్సిన అవసరం, ఎంచుకున్న సమయం

పాత మెషిన్ సెంటాస్ 7 అనే లినక్స్ ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) మీద నడుస్తోంది. సెంటాస్ 7కు 2024 జూన్ 30తో మద్దతు ఆగిపోయింది. పోస్ట్‌గ్రెస్ ఒక్కో మేజర్ వెర్షన్‌కు ఐదేళ్లు మద్దతు ఇస్తుంది. ఆ లెక్కన 12కు 2024 నవంబరులో చివరి విడుదల వచ్చేసింది. బ్యాంకు తరఫున వచ్చిన ఆడిటర్ ఈ రెండూ రాసిపెట్టి వెళ్లాడు. రైతులు కోల్డ్ స్టోరేజీ బాండ్లు (సరుకు దాచినట్టు ఇచ్చే పత్రాలు) పెట్టి బ్యాంకులో అప్పు తీసుకుంటారు కాబట్టి, ఆ బాండ్లు పుట్టే సర్వర్ మీద బ్యాంకుకు ఆ మాత్రం పట్టింపు ఉంటుంది.

పోస్ట్‌గ్రెస్ ఒక్కటే మార్చి ఓఎస్‌ను అలాగే ఉంచుదామన్నా కుదరలేదు. పోస్ట్‌గ్రెస్ వాళ్ల ఆర్‌పీఎం రెపోలో (ప్యాకేజీలు దించుకునే చోట) సెంటాస్ 7 కోసం 16 ప్యాకేజీలు లేవు. అందుకని కొత్త మెషిన్ కొని, దాని మీద రాకీ లినక్స్ 9 వేశారు. అప్పటికే 17 వచ్చి ఉన్నా, కొంతకాలం నలిగిన 16 మేలని కంపెనీ వాళ్లు అనుకున్నారు. ఆ నిర్ణయంలో తప్పేమీ లేదు.

తేదీ దగ్గర మాత్రం పొరపాటు జరిగింది. మిర్చి యార్డుకు వేసవి సెలవులు కదా, పని పలచగా ఉంటుందనుకున్నారు. యార్డు మూస్తే గుంటూరులో వ్యాపారం ఆగదు, కోల్డ్ స్టోరేజీల గుమ్మాల ముందుకు మారుతుంది. కమీషన్ వ్యాపారులు శాంపిల్ చూసుకుని అక్కడే బేరం చేసుకుంటారు, లారీలు అక్కడే లోడవుతాయి. గేట్ పాస్‌లు ఎక్కువగా పడే రోజుల్లోనే గేట్ పాస్ సర్వర్ మీద చెయ్యి వేశారన్నమాట.

ఆ రాత్రి ఎర్రర్లు

వాళ్లు చేసిన పద్ధతి ఇది. పాత సర్వర్‌ను ఆపి, డేటా డైరెక్టరీ మొత్తాన్ని కొత్త మెషిన్‌కు కాపీ చేశారు. అక్కడ 12, 16 రెండూ ఇన్‌స్టాల్ చేసి, పీజీ అప్‌గ్రేడ్‌ను (పోస్ట్‌గ్రెస్ వెర్షన్ మార్చే టూల్) లింక్ మోడ్‌లో నడిపారు. లింక్ మోడ్ ఫైళ్లను మళ్లీ కాపీ చేయదు, హార్డ్ లింకులు, అంటే అవే ఫైళ్లకు రెండో పేర్లు, పెట్టి ఊరుకుంటుంది. అందుకే నిమిషాల్లో అయిపోతుంది. కానీ కొత్త సర్వర్ ఒక్కసారి స్టార్ట్ అయిందంటే అక్కడున్న పాత డైరెక్టరీని ఇక నమ్మి వాడకూడదు.

ఒక చెక్‌లో లైబ్రరీ దొరకలేదని ఆగింది. ప్రోగ్రామ్ పీజీక్రిప్టో అనే ఎన్‌క్రిప్షన్ ఎక్స్‌టెన్షన్ వాడుతోంది, అది ఉండే 16 కాంట్రిబ్ ప్యాకేజీ ఎవరూ వేయలేదు. వేస్తే ఆ చెక్ దాటింది. ఇంకో చెక్ పాలిమార్ఫిక్ ఫంక్షన్ల (ఏ రకం డేటానైనా తీసుకునేవి) దగ్గర ఆగింది. ఈ ప్రోగ్రామ్ మొదట పోస్ట్‌గ్రెస్ 8.3 కాలంలో రాసింది. అప్పట్లో చాలా వరుసల విలువల్ని ఒక జాబితాగా కలిపే అర్రే ఎగ్ అనే సదుపాయం లేదు, 8.4లో వచ్చింది. అందుకని అందరూ అర్రే అక్యుమ్ అని ఒక సొంత ఎగ్రిగేట్ రాసుకునేవాళ్లు. అది లోపల వాడుకునే ఫంక్షన్ ఆర్గ్యుమెంట్ల రకం 14వ వెర్షన్‌లో మారింది. పాత ఎగ్రిగేట్‌ను తీసేసి, వాడిన చోట్ల అర్రే ఎగ్ పెడితే ఆ గొడవా తీరింది.

చివరిది లాగిన్. కొత్త సర్వర్ హెచ్‌బీఏ ఫైల్ (ఎవరిని ఎలా లోపలికి రానివ్వాలో రాసే ఫైల్) స్క్రామ్ అనే కొత్త పాస్‌వర్డ్ పద్ధతి అడుగుతోంది, పాత పాస్‌వర్డ్ ఎండీ5 అనే పాత పద్ధతిలో దాచి ఉంది. కుదరదంది. పాస్‌వర్డ్ మళ్లీ పెడితే అది స్క్రామ్‌గా మారింది. అప్పుడు జావా ప్రోగ్రామ్‌తో ఉన్న పాత జేడీబీసీ డ్రైవర్ (జావాను డేటాబేస్‌కు కలిపేది) 'అథెంటికేషన్ టైప్ 10 నాకు రాదు' అంది. డ్రైవర్ జార్ కొత్తది పెట్టారు.

ఈ మూడూ అరిచి చెప్పిన ఎర్రర్లు. ఏ ఫైల్లో చూడాలో కూడా పీజీ అప్‌గ్రేడే చెబుతుంది, 15 నుంచి అయితే అవుట్‌పుట్ అంతా కొత్త డేటా డైరెక్టరీలోనే ఒక ఫోల్డర్‌లో పెడుతుంది. కుర్రాళ్లు బాగానే చేశారని నా అభిప్రాయం.

మర్నాటి ఫిర్యాదులు

పొద్దున్నే వచ్చిన మొదటి ఫిర్యాదు, రిపోర్టులు నత్తనడక నడుస్తున్నాయని. 16కు పీజీ అప్‌గ్రేడ్ చేస్తే ప్లానర్ గణాంకాలు (ఏ దారిన వెతికితే త్వరగా దొరుకుతుందో తేల్చే లెక్కలు) వెంట రావు, వాటిని కొత్తగా తీసే ఎనలైజ్ కమాండ్ నడపాలి. నడిపారు, వేగం వచ్చింది. ఆ పూటే రెండో యూనిట్ గుమాస్తా ఫోన్ చేసి ఫలానా లాటు రావడం లేదన్నాడు. స్పీడు సమస్యలో భాగమే అయి ఉంటుందనుకుని, ఎనలైజ్ అయ్యాక సరిపోతుందని చెప్పి పెట్టేశారు. రెండు ఫిర్యాదులు ఒకే గంటలో రావడంతో రెండోది మొదటిదాంట్లో కలిసిపోయింది.

తర్వాతి రోజుల్లో అవి పెరిగాయి, రకరకాలుగా వచ్చాయి. లాటు నంబరు కొడితే 'లాటు లేదు' అంటుంది. స్టాకు రిపోర్టు తీస్తే అదే లాటు ఉంటుంది. కొన్ని లాట్లకు గేట్ పాస్ కొడితే ఫారిన్ కీ ఎర్రర్ వస్తుంది, అంటే ఆ లాటు మాస్టర్ టేబుల్లో లేదని దాని వాదన. కొన్ని మాత్రం ఎప్పటిలాగే పనిచేస్తున్నాయి. అసలు ప్రమాదం ఇంకోచోట మొదలైంది. రైతు బాండు చేతిలో పట్టుకుని కౌంటర్ ముందు నిలబడితే, బయట లారీ ఆగి ఉంటే, గుమాస్తా ఏం చేస్తాడు? లాటు లేదంటోంది కదా అని బాండు చూసి మళ్లీ ఎక్కించాడు. సర్వర్ మారు మాట్లాడకుండా తీసుకుంది. లాటు నంబరు ఆ టేబుల్‌కు ప్రైమరీ కీ. ఒకే నంబరు రెండుసార్లు పడకూడదు. పడింది.

సాయంత్రానికి స్టాకు మొత్తంలో ఛాంబర్లలో ఉన్నదానికన్నా ఎక్కువ టిక్కీలు (మిర్చి బస్తాలు) తేలడంతో మేనేజర్ గారికి టెన్షన్ పట్టుకుంది. నాకు ఫోన్ వచ్చింది అప్పుడు.

"సార్, కాపీ చేసేటప్పుడు డేటా ఏమైనా పోయిందంటారా?" అన్నాడు కంపెనీ కుర్రాడు.

"పోయుంటే రిపోర్టులో ఎలా వస్తుంది నాయనా?" అన్నాను.

అప్పటికి వాళ్లు సర్వీస్ రీస్టార్ట్ చేశారు, మళ్లీ వాక్యూమ్ ఎనలైజ్ నడిపారు, ర్యామ్ సెట్టింగులు పెంచారు, 13 నుంచి 16 దాకా రిలీజ్ నోట్సన్నీ చదివారు. రిలీజ్ నోట్సులో దొరకదు. ఎందుకు దొరకదో కింద చెబుతాను.

ఎక్కడ పట్టుబడింది

ఒక లాటు నంబరు అడిగాను. 21-17 అనుకుందాం. 'ఈజ్ ఈక్వల్ టు' పెట్టి వెతికితే సున్నా వరుసలు (రికార్డులు). రెండు పక్కలా పర్సెంట్ గుర్తు పెట్టి లైక్‌తో, అంటే ఆ అక్షరాలు ఎక్కడున్నా సరే అని, వెతికితే వరుస వచ్చింది. ఇలాంటప్పుడు మొదట అనుమానించాల్సింది కనబడని ఖాళీలను. చివర ఒక స్పేస్ ఉంటే చాలు, ఇదే వేషం వేస్తుంది. బైట్ల పొడవు చూశాను, సరిగ్గా ఐదు. అంటే అక్షరాల్లో తేడా లేదు.

ఇండెక్స్ అంటే పుస్తకం చివరి సూచికలా, టేబుల్లో వరుసను త్వరగా పట్టిచ్చే జాబితా. తర్వాత ఆ సెషన్‌లో ఇండెక్స్ స్కాన్, ఇండెక్స్ ఓన్లీ స్కాన్, బిట్‌మ్యాప్ స్కాన్ మూడూ ఆపేసి అదే ప్రశ్న అడిగాను. వరుస వచ్చింది. టేబుల్ మొత్తం మొదటి నుంచి చదివితే ఉంది, ఇండెక్స్ దారిన వెళితే లేదు. కాబట్టి డేటా భద్రం, ఇండెక్స్ అబద్ధం చెబుతోంది.

ఇండెక్స్ చెడిపోవడానికి డిస్కు కారణం కావచ్చు, ర్యామ్ కావచ్చు, సగంలో ఆగిన కాపీ కావచ్చు. కెర్నెల్ లాగ్ శుభ్రంగా ఉంది. పీజీ ఏఎంచెక్ అని 14 నుంచి ఒక టూల్ వస్తోంది, డేటాబేస్‌లోని టేబుళ్లను, బీ-ట్రీ రకం ఇండెక్సులను తనిఖీ చేస్తుంది. నడిపితే 'ఐటమ్ ఆర్డర్ ఇన్వేరియంట్ వయొలేటెడ్' అని కొన్ని ఇండెక్సుల మీద ఫిర్యాదు చేసింది. ఇండెక్స్ లోపలి వరుస క్రమం తప్పిందని దాని అర్థం. ఆ జాబితా చూడగానే సగం సమాధానం దొరికింది. అందులో ఉన్నవన్నీ అక్షరాల కాలమ్‌ల మీది ఇండెక్సులు: లాటు నంబరు, రైతు పేరు, బాండు నంబరు. అంకెల మీద, తేదీల మీద ఉన్న ఇండెక్సు ఒక్కటి కూడా లేదు. డిస్కు పాడైతే ఇంత ఎంపికగా పాడవదు.

మిగతా సగం గుమాస్తా నోటి నుంచి వచ్చింది. దొరకని లాట్ల చిట్టా ఇమ్మంటే కాగితం మీద రాసిచ్చాడు. అన్నీ 1తోనో 2తోనో మొదలవుతున్నాయి. "ఐదో ఛాంబరు వాళ్లకు ఒక్కటి కూడా పోలేదండీ, వాళ్లు హాయిగా ఉన్నారు" అన్నాడు. మొదటి యూనిట్ నెట్‌వర్క్ తేడా అని ఆఫీసులో అప్పటికే ఒక మాట పుట్టింది. కానీ చిట్టాలో 14వ ఛాంబరు, 21వ ఛాంబరు కూడా ఉన్నాయి. అవి వేరే యూనిట్లలోవి.

ఇక్కడ లాటు నంబరు తీరు చెప్పాలి. నాలుగు యూనిట్లకూ కలిపి ఛాంబర్లకు వరుస నంబర్లు ఇచ్చారు, ఇరవై పైచిలుకు ఉన్నాయి. గీతకు ముందు ఛాంబరు, గీత తర్వాత ఆ సీజన్‌లో ఆ ఛాంబరుకు వచ్చిన లాటు. 2-118 అంటే రెండో ఛాంబరు 118వ లాటు. 21-17 అంటే ఇరవై ఒకటో ఛాంబరు 17వ లాటు. ఇది డేటాబేస్‌కు అంకె కాదు, అక్షరాల దండ. దీన్ని ఏ వరుసలో పెట్టాలో పోస్ట్‌గ్రెస్ సొంతంగా నిర్ణయించదు. డేటాబేస్‌కు పెట్టిన కొలేషన్ (అక్షరాల వరుస నియమం) ప్రకారం ఓఎస్‌లోని సీ లైబ్రరీని అడుగుతుంది. లినక్స్‌లో అది జీలిబ్‌సీ. ఇక్కడి కొలేషన్ మామూలుగా అందరికీ ఉండే యూఎస్ ఇంగ్లిష్, యూటీఎఫ్-8.

సెంటాస్ 7లో జీలిబ్‌సీ 2.17. రాకీ 9లో 2.34. మధ్యలో 2018 ఆగస్టులో వచ్చిన 2.28లో వరుస పెట్టే పట్టికల్ని పెద్ద ఎత్తున మార్చారు. పాతది గీత, చుక్క, ఖాళీ లాంటి గుర్తుల్ని మొదట్లో లెక్కలోకే తీసుకోదు, మిగతావన్నీ సమానమైతేనే వాటిని చూస్తుంది. కొత్తది గీతను కూడా ఒక అక్షరంగా లెక్కేసి, అంకెల కంటే ముందు పెడుతుంది.

2-116, 21-17, 2-118 అనే మూడు లాట్లు తీసుకోండి. పాత లైబ్రరీకి అవి 2116, 2117, 2118. అందుకని ఇదే వరుస. కొత్త లైబ్రరీ రెండో స్థానంలో గీతను చూస్తుంది కాబట్టి 2-116, 2-118 ముందు, 21-17 ఆ తర్వాత. రెండో ఛాంబరు లాట్లూ ఇరవైల ఛాంబర్ల లాట్లూ పాత వరుసలో పేకముక్కల్లా కలిసిపోయి ఉంటాయి, కొత్త వరుసలో విడివిడిగా ఉంటాయి. ఒకటో ఛాంబరుకూ పది నుంచి పంతొమ్మిది దాకా ఉన్న వాటికీ అదే గతి. మూడు నుంచి తొమ్మిది దాకా ఉన్న ఛాంబర్లతో కలవడానికి ముప్పైల, నలభైల ఛాంబర్లు లేవు, అందుకని వాటి వరుస రెండు లైబ్రరీల్లోనూ ఒకటే. ఐదో ఛాంబరు వాళ్లు హాయిగా ఉండటానికి కారణం అదీ.

బీ-ట్రీ ఇండెక్స్‌లో వెతకడమంటే, మధ్యలో ఒక పేజీ తెరిచి, మనకు కావలసింది దీనికి ముందా వెనకా అని చూసుకుంటూ దిగడం. పెట్టినప్పటి నియమం ఒకటి, వెతికేటప్పటి నియమం ఇంకొకటి అయితే ఏదో ఒక మలుపులో తప్పు వైపు తిరుగుతుంది. దారిలో తగిలిన పోలికలన్నీ రెండు నియమాల్లోనూ ఒకే జవాబు ఇస్తే లాటు దొరుకుతుంది, ఒక్కటి తేడా పడినా దొరకదు. 'కొన్ని వస్తాయి, కొన్ని రావు' అన్న ఫిర్యాదు వెనక ఉన్నది ఇదే. రెండోసారి ఎక్కించినప్పుడు యూనిక్ తనిఖీ కూడా ఈ దారినే వెళ్లి, ఖాళీ చోటు చూసి, రానిచ్చింది. గేట్ పాస్ ఫారిన్ కీ కూడా ఇదే ఇండెక్స్‌ను అడిగి లేదనిపించుకుంది.

పాత మెషిన్ ఇంకా ర్యాక్‌లోనే ఉంది. రెండింటి మీదా '1-1', '11' అనే రెండు వరుసల్ని సార్ట్ కమాండ్‌కు ఇచ్చి చూపించాను. పాతది 11 ముందు పెట్టింది, కొత్తది 1-1 ముందు పెట్టింది. డేటాబేస్‌తో పని లేని ఈ చిన్న పరీక్ష మేనేజర్ గారికి కూడా అర్థమైంది.

ఇది పోస్ట్‌గ్రెస్ అప్‌గ్రేడ్ వల్ల వచ్చింది కాదు. 12ను 12గానే ఉంచి డేటా డైరెక్టరీని రాకీ 9 మీదికి మోసుకొచ్చినా ఇదే జరిగేది. రిలీజ్ నోట్సులో కనబడకపోవడం అందుకే. పీజీ అప్‌గ్రేడ్ ఇండెక్స్ ఫైళ్లను ఉన్నవి ఉన్నట్టు తెస్తుంది, తిరిగి కట్టదు.

ఇక్కడ ఒక ప్రశ్న నన్ను ఎప్పుడూ అడుగుతారు. కొలేషన్ వెర్షన్ మారితే పోస్ట్‌గ్రెస్ హెచ్చరిస్తుంది కదా అని. నిజమే, 15 నుంచి ప్రతి డేటాబేస్‌కూ తను పుట్టినప్పటి కొలేషన్ వెర్షన్ రాసి ఉంటుంది, తేడా వస్తే కనెక్ట్ అయినప్పుడే హెచ్చరిక వస్తుంది. కానీ 12లో అది రాసుకునే చోటే లేదు. పీజీ అప్‌గ్రేడ్‌కు పాత వెర్షన్ తెలియలేదు, కొత్త సర్వర్ తనకు ఎదురుగా కనిపించిన 2.34నే రాసుకుంది. పోల్చడానికి ఏమీ లేదు కాబట్టి హెచ్చరికా లేదు. 14 గానీ అంతకు ముందుది గానీ వాడుతూ, ఓఎస్‌తో సహా మారేవాళ్లందరికీ ఇదే పరిస్థితి.

బాగుచేత

వెనక్కి వెళ్లిపోదామని మేనేజర్ గారి మొదటి మాట. పాత మెషిన్‌లో ఆ రోజు దాకా డేటా ఉంది, నిజమే. కానీ ఆ తర్వాత పడిన గేట్ పాస్‌లు, అద్దె రసీదులు అందులో లేవు. కొత్త డేటా ఫైళ్లను పాత ఓఎస్ మీదికి తీసుకెళ్లినా లాభం లేదు. మొదటి రోజు నుంచీ పడిన ఎంట్రీలు కొత్త నియమం ప్రకారం ఇండెక్స్‌లో కూర్చున్నాయి. ఇప్పుడది ఏ నియమానికీ సరిపోని మిశ్రమం. ముందుకే వెళ్లాలి.

రాత్రి లోడింగ్ ఆగాక ప్రోగ్రామ్ మూసేశాం. అత్యవసరం వస్తే రాయడానికి కంప్యూటర్లు రాకముందు వాడిన మాన్యువల్ గేట్ పాస్ పుస్తకం బీరువాలోంచి తీశారు. ముందు సర్వర్ ఆపి డేటా డైరెక్టరీ మొత్తానికి కాపీ తీశాను. చెడిపోయిన డేటాబేస్ మీద ఏ పని మొదలుపెట్టినా, ఆ చెడిపోయిన స్థితికే తిరిగి రాగలిగే కాపీ ఒకటి ఉండాలి. చాలామంది దీన్ని దండగ అనుకుంటారు. రాత్రిపూట బ్యాకప్ డంప్ (డేటా మొత్తాన్ని చదివి రాసుకునే కాపీ) ఉంది కదా అని అడిగారు. ఆ వారమంతా డంప్ సక్సెస్ అనే వచ్చింది, ఎందుకంటే డంప్ టేబుల్‌ను నేరుగా చదువుతుంది, ఇండెక్స్ జోలికి పోదు. డేటా అందులో పూర్తిగా ఉంది, డబుల్ ఎంట్రీలు కూడా ఉన్నాయి. రీస్టోర్ చేస్తే ప్రైమరీ కీ దగ్గర ఆగిపోయేది.

రీఇండెక్స్, అంటే ఇండెక్సుల్ని తిరిగి కట్టడం, ఒక్కటే చేస్తే చాలని కుర్రాడు అన్నాడు. చేయమన్నాను. లాటు టేబుల్ దగ్గరికి రాగానే, ఫలానా కీ డూప్లికేట్ అయింది, యూనిక్ ఇండెక్స్ కట్టలేనని ఆగింది. ఒక్కో నంబరు చెప్పి ఒక్కోసారి ఆగుతుంటే తెల్లారిపోతుంది. ఇండెక్స్ స్కాన్లు ఆపేసి, లాటు నంబరు మీద గ్రూప్ చేసి, ఒకటి కంటే ఎక్కువ ఉన్నవన్నీ ఒకేసారి జాబితాగా తీశాం. పదుల్లో ఉన్నాయి.

వాటిలో ఎక్కువ భాగం ఒకే బాండును రెండుసార్లు ఎక్కించినవి. వివరాలన్నీ ఒకటైతే రెండోదాన్ని తీసేయడమే. చిక్కంతా తేడా ఉన్న చోట. బాండు మీద మొదట దింపిన టిక్కీలన్నీ ఉంటాయి, మధ్యలో కొన్ని బయటికి వెళ్లి ఉంటాయి. మిగులు లెక్కకట్టే క్వెరీ లాటునూ గేట్ పాస్‌లనూ కలిపి చూస్తుంది కాబట్టి, లాటు రెండుసార్లు ఉంటే దింపినవీ రెట్టింపు, పంపినవీ రెట్టింపు. ఒకచోట మొదటి ఎంట్రీలో తేజ అని, రెండోదాంట్లో 334 అని ఉంది. బాండు కౌంటర్ ఫాయిల్ తెరిస్తే తేజ. రెండో గుమాస్తా హడావుడిలో జాబితాలో పక్క రకం నొక్కాడు.

ఇంకొకటి మరీ ఇబ్బంది పెట్టింది. ఒకే లాటు నంబరు, ఇద్దరు వేరు వేరు రైతులు. నంబరు లాటు పుస్తకం చూసి చేత్తో కొడతారు. ఒక అంకె తప్పు కొడితే మామూలుగా సర్వర్ ఒప్పుకోదు, గుమాస్తా సరిచేసుకుంటాడు. ఆ వారం సర్వర్ ఒప్పుకుంది. కాగితాల్లో తేలలేదు. ముఠా మేస్త్రీని ఛాంబరులోకి పంపి, టిక్కీల మీద రాసిన నంబరు చూసి రమ్మన్నాం. వచ్చి, "రెండో ఆయన సరుకు మీద నంబరు వేరుందండీ, మీ కంప్యూటర్లో ఎట్టా ఉందో నాకు తెలవదు" అన్నాడు. సరిచేశాం.

తీసివేయడంలోనూ ఒక మెలిక ఉంది. రెండు వరుసలకూ కీ ఒకటే కాబట్టి, లాటు నంబరు చెప్పి డిలీట్ అంటే రెండూ పోతాయి, లేదా ఇండెక్స్ దారిన వెళితే ఏది పోతుందో చెప్పలేం. వరుస భౌతిక చిరునామా, అంటే సీటీఐడీ, పట్టుకుని తీయాలి. ఫారిన్ కీలు ఉండగా తీస్తే అవి మళ్లీ ఆ చెడ్డ ఇండెక్స్‌నే అడుగుతాయి. అందుకని ముందు ఫారిన్ కీలు, ప్రైమరీ కీ విప్పేసి, తీయాల్సినవి తీసి, తీసిన ప్రతి వరుసనూ వేరే టేబుల్లో దాచి, తర్వాత మళ్లీ కట్టాం. ఆ దాచిన టేబుల్ ప్రింటు మీద మేనేజర్ గారు, అకౌంటెంట్ సంతకాలు పెట్టారు. రేపు ఏ రైతైనా వచ్చి నా లాటు ఏమైందంటే చూపించడానికి ఆ కాగితం ఉండాలని పట్టుబట్టింది అకౌంటెంటే. ఆయన అన్నది సబబు.

ఆ తర్వాత డేటాబేస్ మొత్తం రీఇండెక్స్. డేటా నలభై జీబీ లోపే కాబట్టి పెద్ద సమయం పట్టలేదు. ఏఎంచెక్‌ను ఈసారి టేబుల్లోని ప్రతి వరుసా ఇండెక్స్‌లో ఉందో లేదో చూసే ఆప్షన్‌తో నడిపాం. శుభ్రం. ఫారిన్ కీలు తిరిగి కట్టినప్పుడు అనాథ గేట్ పాస్ ఒక్కటీ తేలలేదు.

తర్వాత చేసిన మార్పులు

లాటు నంబరు, బాండు నంబరు, గేట్ పాస్ నంబరు కాలమ్‌ల కొలేషన్‌ను 'సీ'కి మార్చాం. 'సీ' అంటే బైట్లను బైట్లుగా పోల్చడం, ఏ లైబ్రరీ మారినా ఆ వరుస మారదు. కోడ్‌లకు భాష వరుసతో పనేముంది? నా అభిప్రాయంలో ఇలాంటి కాలమ్‌లకు మొదటి రోజే ఇది పెట్టాలి. పైగా లాటు నంబరు మొదటి భాగం కొట్టి వెతికే లైక్ క్వెరీలకు కూడా ఈ ఇండెక్స్ పనికొస్తుంది. రైతు పేర్లను మాత్రం పాత కొలేషన్‌లోనే ఉంచాం, జాబితాలు డిక్షనరీ వరుసలో రావాలని ఆఫీసు కోరిక. ఇప్పుడు 2.34 అని రాసి ఉంది కాబట్టి, ఈసారి ఓఎస్ మారితే హెచ్చరిక వస్తుంది. 17లో ఓఎస్‌తో సంబంధం లేని సొంత కొలేషన్ సదుపాయం వచ్చింది, తర్వాతి మార్పులో అది చూద్దామన్నాను.

ఇంత చిన్న డేటాకు పీజీ అప్‌గ్రేడ్ లింక్ మోడ్ ఎందుకు వాడారన్నది నాకున్న ఒకే ఒక్క అభ్యంతరం. డంప్ తీసి రీస్టోర్ చేసి ఉంటే ఒకట్రెండు గంటలు ఎక్కువ పట్టేది, ఇండెక్సులన్నీ కొత్త నియమంతో కొత్తగా కట్టుకునేవి, ఈ కేసే ఉండేది కాదు. టెరాబైట్ల డేటా ఉన్నవాళ్లకు ఆ గంటలు రోజులవుతాయి, వాళ్ల కష్టం వేరు. వాళ్లు లాజికల్ రెప్లికేషన్ (పాత సర్వర్ నడుస్తుండగానే మార్పుల్ని కొత్తదానికి పంపుతూ ఉండటం) చూసుకోవాలి, లేదా పీజీ అప్‌గ్రేడ్ చేసి, తలుపులు తెరవకముందే అక్షరాల ఇండెక్సులన్నీ రీఇండెక్స్ చేసుకోవాలి.

ఇదే సంస్థకు చెందిన కారం మిల్లు సర్వర్ ఇంకా సెంటాస్ 7 మీదే ఉంది. దాన్ని డంప్, రీస్టోర్ పద్ధతిలోనే మార్చాలని నిర్ణయించాం, ఒక ఆదివారం మధ్యాహ్నం చాలు. అక్కడి ఇన్‌వాయిస్ నంబర్లలో గీతలతో పాటు స్లాష్‌లు కూడా ఉన్నాయి.